తెల్లపొగ కోసం ఝార్‌గ్రామ్ దాకా

ఝార్‌గ్రామ్ అడవుల్లో ఎండుటాకులు కాలేది ఏడాదికి కొద్ది వారాలే. మొదటి వాన పడితే ఈ ఏటికి మంటలుండవు, నా పని సగంలో ఆగిపోతుంది. నాకు తోడుగా ఒక మనిషి కావాలి. అందుకే ఆలస్యం చేయకుండా ఈరోజే రాస్తున్నాను.

నేను పరిశోధన విద్యార్థిని, మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని. అడవి మంటల పొగలో ఏ వాయువు ఎంత ఉందో కొలుస్తాను. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేశారు. నిరుడు ప్రతిసారీ నాతో వచ్చారు. ఈ ఏడు ఆయన ఊపిరితిత్తులు చూసిన డాక్టరు పొగ దగ్గరికి వెళ్ళొద్దన్నారు.

మొన్న ఉదయం ఆరింటికి ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా ఇంటి నుంచి బయలుదేరుతుంటే, నాన్న గేటు దగ్గర పొడవాటి అల్యూమినియం గొట్టం అందించారు. రెండు ముక్కలుగా విడిపోయేలా ఆయనే చేశారు. చివర పొగ పీల్చే సన్నటి ట్యూబు, ఆయన పట్టుకునే చోట నల్లటేపు. నిరుడు ఆయన గొట్టాన్ని పొగలో నిలిపితే, నేను దూరంగా కూర్చుని చిన్న పంపుతో ఆ పొగని ప్లాస్టిక్ సంచిలో నింపేదాన్ని.

“మంట పడిపోయినాక తెల్లపొగ లేస్తాది సూడు, దాన్ని ఒగ్గీకు,” అన్నారు. “అసలు సెడ్డదంతా అందులోనే ఉంటాది.”

“నిరుడు వందసార్లు సెప్పినావు నాన్నా.”

“అప్పుడు పక్కన నానున్నాను.”

ఆయన మాట నిజం. ఆకు మండేటప్పటికన్నా, మంట లేకుండా రగిలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ ఎక్కువ పాళ్ళలో వస్తాయి. నాకది పుస్తకం చెప్పింది, ఆయనకి కొలిమి చెప్పింది.

లోకల్ రైల్లో గంట లోపే ఝార్‌గ్రామ్. స్టేషన్ బయట ఇరవై రూపాయలకి మరమరాలు, బఠానీల కూర తిని, సగం రోజుకి నాలుగొందలకి టోటో, అదే బ్యాటరీ ఆటో, మాట్లాడుకున్నాను.

“అందరూ రాజబాడీ కోట చూడ్డానికొస్తారు దీదీ, మీరు పొగ చూడ్డానికా?” అన్నాడు పెద్దవయసు డ్రైవరు, బెంగాలీలో.

“చూడ్డానికి కాదు దాదా, పట్టుకెళ్ళడానికి.”

“మా ఇంటి పొయ్యి దగ్గర బోలెడుంది. మీకు ఛార్జీ మిగిలేది.”

అటవీ కార్యాలయంలో అనుమతి కాగితం చూపిస్తే, ఎక్కడ ఆకులు కాలుతున్నాయో గార్డు చెప్పారు. గాలి వచ్చే వైపు నిలబడి ముందు ఒక సంచి మంచి గాలి పట్టాను. అందులో ముందే ఉన్నదెంతో పొగ లెక్కలోంచి తీసేయాలి. రెండో సంచిలోకి మంట మీది పొగ. పదకొండున్నరకి మంట పడిపోయి తెల్లపొగ నేల మీద పాకింది. ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో పంపు. గాలి తిరిగింది.

“నాన్నా, ఇంకాస్త కిందికి,” అన్నాను.

“ఎవరు దీదీ? ఇంకెవరైనా వచ్చారా?” రోడ్డు మీంచి డ్రైవరు కేకేశాడు.

అప్పటికే గొట్టం చివర పొగ పైకి లేచిపోయింది, సంచిలోకి మామూలు గాలి చేరింది. ఇక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మళ్ళీ పట్టేలోగా పొగ పలచబడింది. మా నాన్నని పిలిచానని చెప్తే డ్రైవరు నవ్వలేదు. వచ్చి ట్యూబు చుట్టడానికి సాయం చేశాడు.

మూడున్నరకి ఇంటికొచ్చేసరికి నాన్న గేటు దగ్గరే ఉన్నారు.

“తెల్లపొగ దొరికిందేటి?”

“లేదు.”

గొట్టం తీసుకుని చివర వాసన చూశారు. “ఉత్త ఆకుపొగే కదా, కొలిమి పొగ కాదు,” అన్నారు. “నాను దూరంగా నిలబడతాను. గాలొచ్చే పక్కన,” అన్నారు.

“వద్దు నాన్నా.”

ఆయన తడిగుడ్డతో మసి తుడుస్తూ కూర్చున్నారు. ఆయన ముప్పై ఏళ్ళు పీల్చిన పొగని ఎవరూ కొలవలేదు. అడవి పొగ ప్రతి సంచి మీదా నేను తేదీ, సమయం రాస్తాను. రాస్తున్నప్పుడల్లా పక్కన ఆయన ఉండాలనిపిస్తుంది.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: నైలాన్ బట్టలు వద్దు, నూలువే వేసుకోండి, నిప్పురవ్వ పడితే నైలాన్ ఒంటికి అతుక్కుంటుంది. నాతో ఒక పూట రాగలిగిన వాళ్ళు మార్చి ఇరవైలోగా ఈ పోస్టు కింద జవాబు రాయండి. దారిఖర్చు నాది. గొట్టం ఎక్కడ పట్టుకోవాలో ముందురోజు మా ఇంట్లో నాన్నే చూపిస్తానన్నారు.