కారుకు కూలర్

మొన్న హనుమకొండలో కారు సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, వేడెక్కిన ఇంజిన్ ఆయిల్ వాసన తగిలి నా ఏడేళ్లప్పటి కడుపుమంట ఒకటి గుర్తొచ్చింది.

మా బాపు ఒక పాత కారును కిరాయికి నడిపేవాడు. నెక్కొండ దాకా పోయేలోపే ఇంజిన్ కాగిపోతోందని, ఒక ఎండాకాలం పాతదానికంటే పెద్ద ఆయిల్ కూలర్ తెచ్చి ఇంటి ముందే బిగించడం మొదలుపెట్టాడు. కూలర్ అన్న మాట విని నేను కుళ్లిపోయాను. ఇంట్లో మాకున్నది తిరిగీ తిరగని ఫ్యాను ఒక్కటే.

"కారుకు కూలరట. మనకెందుకు తేలేదే అమ్మా?"

"నాకేమెరుక? మీ బాపునే అడుగు."

అడగలేదు. బోల్టులన్నీ బిగించి, ఆయిల్ పోసి, బాపు ఇంజిన్ స్టార్ట్ చేయగానే తెరిచిన బానెట్ పక్కకు పోయి ముఖం పెట్టాను. వేడిగాలి కొట్టింది. ఎంత సంతోషమేసిందో.

"బాపూ, నీ కూలర్ ఖరాబున్నది. ఉడుకు గాలి వస్తాంది."

"ఖరాబు కాదు బిడ్డా. ఇంజిన్ల వేడి బయటికి పోతాంది," అని నవ్వాడు.

నేను నమ్మలేదు. కారుకూ చల్లగాలి లేదన్న తృప్తితో ఆ రోజంతా హాయిగా తిరిగాను.

ఆ మిట్టమధ్యాహ్నం కారు కింద వెల్లకిలా పడుకున్న బాపు బనీను చెమటకు పిండుకునేలా తడిసింది. ఆయనకు ఒక గ్లాసెడు మంచినీళ్లు ఇవ్వాలని నాకు తోచనే లేదు.