హోమియో సీసాలో వాంతుల మాత్రలు

తొంభైల్లో, హిందీ వాళ్ళ ఊరు కద్మాలోని మా కంపెనీ క్వార్టర్లో ఏ మూల చూసినా హోమియో సీసాలే. తుమ్మితే హోమియో, దగ్గితే హోమియో. మూడేళ్ళ మా అమ్మాయికి ఆ తియ్యటి గుళికలంటే ప్రాణం. ఏ జబ్బూ లేకపోయినా చెయ్యి చాపేది. మా అత్తగారు మురిసిపోయి రెండు వేసేవారు. నేను ఊరుకుంటానా? పిల్లకి మందుని మిఠాయిలా అలవాటు చేస్తున్నారని ఆవిడతో రోజూ పోట్లాటే.

ఖాళీ సీసా పారెయ్యడం మాత్రం మా ఇంటావంటా లేదు. ఆ వారం అత్తగారి వాంతులకి ఆసుపత్రిలో చిన్న తెల్ల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. కాగితం చిరుగుతోందని నేనే, కడిగి ఆరబెట్టిన ఒక హోమియో సీసాలో వాటిని పోసి కిటికీలో పెట్టాను. ఎంత పొందికైనదాన్నో అని మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున మంచం కింద మూత లేని ఖాళీ సీసా దొరికింది. మళ్ళీ గుళికలు పెట్టారా అని అత్తగారిని దులిపేశాను. అన్నీ ఒకేలాంటి సీసాలాయె, నాకు అనుమానమే రాలేదు.

మధ్యాహ్నానికి పిల్ల మెడ ఒక పక్కకి మెలితిరిగిపోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, నాలుక బయటికొచ్చింది. తెలివిలోనే ఉంది, ఏడుస్తోంది, తల మాత్రం తిప్పలేకపోతోంది. అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన ఆటో పిలిస్తే, అందరం ఆసుపత్రిలో పడ్డాం.

ఇంట్లో ఎవరు ఏ మందులు వాడుతున్నారని డాక్టరు హిందీలో అడిగాడు. అప్పుడు వెలిగింది నాకు. పొద్దున మంచం కింద దొరికిన సీసాలో ఉన్నవి గుళికలు కావు, వాంతుల మాత్రలని చెప్పాను. పసివాళ్ళకి అవి ఎక్కువైతే మెడా కళ్ళూ ఇలాగే పట్టేస్తాయట. ఇంజెక్షన్ ఇచ్చాడు. పావుగంటలో మెడ తిన్నగా వచ్చి, పిల్ల నా వైపు తిరిగి చూసింది. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

అప్పుడు అడిగాడు డాక్టరు, ఆ సీసాలో పోసిందెవరని. మా ఆయన నా మొహంలోకి చూశారు.

"నానే పోసినాన్రా," అన్నారు అత్తగారు కొడుకుతో. "కాయితం చిరిగిపోతందని."

మా ఆయన అదే హిందీలో చెప్పగానే, ఆ పెద్దావిడని డాక్టరు నర్సుల ముందే చెడామడా తిట్టాడు. ఆవిడ తల వంచుకుని విన్నారు. పొద్దున అంతెత్తున లేచిన నేను పిల్లని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.