రక్తం పడదు

పెళ్లయి శంషాబాద్‌కు వచ్చిన మొదటి ఏడాది నాకు మా అత్తమ్మంటే ఇష్టం ఉండేది కాదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, మా అమ్మతో కూడా. ఆమె నన్ను ఏనాడూ కష్టపెట్టలేదు. గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. నేను పుస్తకం పట్టుకుంటే వచ్చి పక్కన కూర్చుని, "ఏం రాసిండ్రు అండ్ల? నాకు గూడ చెప్పు" అనేది. ఏదో ఒక ముక్క చెప్పి లేచిపోయేదాన్ని.

అందుకే కడుపుతో ఉన్న ఐదో నెలలో దవాఖానలో నర్సు ఆ మాట అన్నప్పుడు దొరికిపోయినట్టయింది. నాది ఓ నెగెటివ్, మా ఆయనది బి పాజిటివ్. నర్సు కాగితాలు చూస్తూనే, "బిడ్డకు తండ్రి రక్తమొస్తె ఈమెకు పడదు. ఏడో నెలల సూది ఇయ్యాలె" అంది.

"పడదంటే?" అంది అత్తమ్మ.

"పడదంటే పడదమ్మా. బిడ్డ రక్తం ఈమె రక్తంల కలిస్తె, గా సూది దాన్ని లేకుంట జేస్తది." బయట వరస పెద్దగా ఉంది. ఆమె ఇంకొకరిని పిలిచింది.

పడదు అనేది మా ఇళ్లలో మనుషులకు వాడే మాట. తోటికోడళ్లకు పడదు, అన్నదమ్ములకు పడదు. ఆటోలో అత్తమ్మ ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసింది. సాయంత్రం పక్కింటామె గోడ మీంచి పలకరిస్తే, "ఏం జెప్పాలె చెల్లె, మా కోడలికి మా రక్తం పడ్తలేదట. అది సచ్చేటట్టు సూదేస్తరట" అంది.

"నీ నోరు పడ్తలేదంటె నమ్ముత గని, రక్తమేం జేసిందక్కా?" అని నవ్విందామె. అత్తమ్మ నవ్వలేదు.

నేను లోపల బియ్యం ఏరుతున్నాను. అప్పటికే ఫోన్లో అంతా చదివేశాను. సాధారణంగా మొదటి బిడ్డకు భయం లేదు. కానీ బిడ్డ రక్తం నాలో కలిసి, నా ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటే, తర్వాతి కాన్పులో బిడ్డ రక్తాన్ని నాశనం చేస్తుంది. ఆ బిడ్డ దక్కకపోవచ్చు కూడా. అలా కాకుండా ఆపేదే ఆ సూది. లేచి వెళ్లి రెండు మాటల్లో చెప్పొచ్చు. బియ్యం ఏరుతూనే ఉన్నాను. నాకు నిజంగానే ఆమె అంటే పడదు కదా. సంజాయిషీ చెప్పబోతే అది ముఖంలో కనబడుతుందని భయం.

ఏడో నెల వచ్చింది. అత్తమ్మ దవాఖాన ఊసెత్తలేదు. ఎయిర్‌పోర్ట్ కార్గోలో పనిచేసే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "అమ్మ వద్దంటున్నది. మా ఇంట్ల ఎవరూ గా సూది ఏస్కోలేదట. నువ్వేమంటవ్?" అన్నాడు.

"మీ ఇష్టం" అన్నాను. చదువుకున్నదాన్ని, నా బిడ్డల మీదికి వస్తుంటే ఆ మాట అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ వెళ్లి ముఖం కడుక్కోవాలనిపిస్తుంది.

మర్నాడు అత్తమ్మ నా తలకు నూనె రాస్తోంది. వెనక కూర్చుంది కాబట్టి నా ముఖం ఆమెకు కనబడదు. ఆ ధైర్యంతో, ఆమె భాషలోనే చెప్పాను.

"అత్తమ్మా, నా రక్తానికి తెలివి లేదు. కడుపుల ఉన్నది మన బిడ్డేనని దానికి ఎరుక గాదు, పరాయోళ్లనుకుంటది. సూది ఏస్తె పగ పట్టకుంట ఊకుంటది. ఎయ్యకుంటె, ఎనకాల పుట్టేటోళ్లకు ముప్పు."

విమానం ఒకటి ఇంటి మీంచి దిగుతోంది. చప్పుడు తగ్గేదాకా ఆమె చేయి నా మాడు మీదే ఆగింది.

"అంటె మా రక్తాన్ని సంపెటందుకు గాదా?"

"పిల్లల్ని బతికిచ్చెటందుకు."

"గింత ఎరుకుండి, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

నేను నూనె గిన్నె ఆమె దగ్గరికి జరిపాను. ఆమె రెట్టించలేదు. "నేనొకదాన్ని, ఊరంత చెప్పుకుంట తిరిగిన" అని తనను తానే తిట్టుకుంది. తిట్టాల్సింది నన్ను.

తెల్లారి తనే ఆటో పిలిచింది. రక్తపరీక్షలో ఇంకా ఏ చెడూ మొదలవలేదని తేలాక సూది వేశారు. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు కాగానే ఇంకోటి వేయాలన్నారు. తిరుగు దారిలో, రోడ్డు బాగాలేని చోటల్లా ఆమె నా మోచేయి పట్టుకుంది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇల్లు దగ్గర పడుతుండగా అంది:

"కాన్పయినప్పుడు నువ్వు సోయిల ఉంటవో లేదో, సూది సంగతి నేనే అడుగుత. దాని పేరేందో జర చెప్పు బిడ్డా, నా నోటికొచ్చేదాంక చెప్పు."