తువ్వాలు విప్పే పద్ధతి

నా చిన్నప్పుడు, మా చిన్నాయన మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన ఏడాది, మా ఇంట్లో ఎవరికీ నిమ్మళంగా ఊపిరి పీల్చుకునే యోగం లేకపోయింది. శత్రువు విషవాయువు వదిలినా, రోగాల క్రిములు చల్లినా, అణుబాంబు ధూళి మీద పడినా ప్రాణం ఎలా దక్కించుకోవాలో సిపాయిలకు నేర్పే ఉద్యోగం ఆయనది. రిటైరయ్యాక ధర్మవరంలో పట్టునూలు అద్దకం దగ్గర పనికి కుదిరాడు. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి సోమందేపల్లి పక్కనున్న మా పల్లెకు వచ్చి, సిపాయిలు లేని లోటు మా మీద తీర్చుకునేవాడు.

సంగటి ముద్ద తుంచబోతుండగా "గ్యాస్" అనేవాడు. అంతే, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని, ముక్కూ నోరూ కప్పేలా తువ్వాలు చుట్టి వెనక ముడి వేయాలి. అదీ ఆయన తొమ్మిది లెక్కపెట్టేలోగా. మా అవ్వ ఒక్కసారి కూడా ఆ తొమ్మిదిని అందుకోలేదు కనుక ఆయన లెక్కలో ఆమె వారం వారం చనిపోయేది. "పోయిన వారమే సస్తిని గదప్పా, ఇంగెన్నిసార్లు సంపుతావు" అని కొడుకును విసుక్కునేది. ఇన్నేళ్లలో నిజమైన గ్యాసు ఒక్కసారైనా చూశావా అని మా నాయన అడిగితే, చూడలేదని సిగ్గుపడకుండా చెప్పేవాడు. నాకు పదేళ్లు. ఆరు లెక్కపెట్టేసరికే ముడి వేసేదాన్ని. ఆ గర్వం తక్కువది కాదు.

ఆ ఏడు మా శెనక్కాయ పైరుకు గొంగళిపురుగు తగిలింది. నాయన హిందూపురం వెళ్లి పురుగుమందు పొడి సంచి తెచ్చాడు. అప్పట్లో దాన్ని పలచని గుడ్డలో మూటకట్టి, సాళ్ల వెంట దులుపుకుంటూ నడిచేవారు. ముక్కుకు తువ్వాలు అందరూ కట్టుకునేవారు, కాదనను. పని కాగానే దాంతోనే చెమట తుడుచుకునేవారు, దాన్నే పరుచుకుని సంగటి తినేవారు, దాన్నే తలకు చుట్టుకుని ఇల్లు చేరేవారు. మా ఇంట్లోనేమో పాలు తాగే తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు.

ఆ ఆదివారం నాయన సంచి విప్పబోతే చిన్నాయన దాని మీద ఎక్కి కూర్చున్నాడు. ఈ విషం పిల్లవాడి దాకా ఏ దారిన వస్తుందో చూపించేదాకా లేవనన్నాడు.

"పురుగుకు నీ డ్రిల్లు తెల్దప్పా. అది తింటానే ఉండాది" అన్నాడు నాయన.

కసురుకోగా కసురుకోగా ఒక పూటకు ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నం దాకా మందుకు బదులు పొయ్యిలోని బూడిద దులపాలి, మిగతాదంతా రోజూలాగే చేయాలి. ఆ బూడిదలో చిన్నాయన ఒక పొట్లం రంగుపొడి కలిపిన సంగతి మాకు చెప్పలేదు. పొడిగా ఉన్నప్పుడు జాడలేని రంగు, నీళ్లు తగలగానే పైకి లేస్తుందని అద్దకం దగ్గర చూశాడట. పసివాడున్న ఇల్లని రంగు మాత్రం వచ్చేటప్పుడే మిఠాయి కొట్టు నుంచి తెచ్చుకున్నాడు.

నేనూ ముడి బిగించి రెండు సాళ్లు దులిపాను. పొలంలోనే సంగటి తిని ఇంటికి వచ్చాం. చెంబెడు నీళ్లు ఒంపుకుని, చేతుల వంక చూడకుండానే కడుక్కోవడం అయిందనిపించుకున్నాం.

అప్పుడు చిన్నాయన తడిగుడ్డ తీసుకుని ఇల్లంతా తిరిగాడు. ఆ గుడ్డ తగిలిన చోటల్లా గులాబీ రంగు తేలింది. నాయన మీసం మీద, తలుపు గొళ్లెం మీద, మంచినీళ్ల కడవ మూత మీద. పొలం ముఖమే చూడని అవ్వ ఆకువక్కల సంచి మీద కూడా. నాయన మొదట నవ్వాడు, కడవ దగ్గరకు వచ్చేసరికి ఆపేశాడు.

ఉయ్యాల దగ్గర తడిగుడ్డ అవసరం రాలేదు. తమ్ముడి పెదవుల మీద చొంగలో అప్పటికే గులాబీ రంగు మెరుస్తోంది.

ఎవరు తుడిచారని అమ్మ అడిగింది. రాగానే వాణ్ణి ఎత్తుకుని, మెడలో వేలాడుతున్న తువ్వాలు కొసతో మూతి తుడిచింది నేనే. నా తువ్వాలు చూసి అందరికీ అర్థమైంది. చిన్నాయన కోప్పడలేదు, అలసిపోయినవాడిలా నా ముందు కూర్చున్నాడు.

"కట్టుకునేది అందురూ నేర్చుకుంటారు పాపా. విప్పేది ఎవురూ నేర్చుకోరు. మనిషి పోయేది ఆడనే."

ఆ సాయంత్రం విప్పడం నేర్పాడు. గాలికి వీపు పెట్టి నిలబడాలి. ముందువైపు ముట్టుకోకుండా వెనక ముడి విప్పాలి. తువ్వాలును లోపలికి మడిచి వాకిలి బయటే వదలాలి. తర్వాత చేతులు, ఆ తర్వాతే ముఖం. మర్నాడు నాయన అసలు మందు చల్లి వచ్చి, వీధిలోనే బట్టలు మార్చి, చెంబుకొక తిట్టు చొప్పున చిన్నాయనను తిడుతూ నీళ్లు పోసుకున్నాడు. ఆలస్యమైన ఆ ఒక్క రోజులో పురుగు తినేసిన మూలను చూపించి చాన్నాళ్లు సాధించాడు కూడా. కానీ ఒళ్లు కడుక్కోకుండా మళ్లీ గడప దాటలేదు.

ఇన్నేళ్లకు కరోనా వచ్చినప్పుడు మాస్కులు గడ్డాల కింద వేలాడటం, వాటినే చేత్తో సర్దుకుని అదే చేత్తో టీ గ్లాసు అందుకోవడం చూసి, చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎవరూ వినలేదు. చిన్నాయన విసుగు ఎలాంటిదో నాకు అప్పుడు తెలిసింది.

నేను బయటి నుంచి రాగానే మనవరాలు ఎత్తుకోమని ఉరికి వస్తుంది. నా చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోతాయి. అది ఏడుపు అందుకుంటుంది, కోడలు మూతి ముడుచుకుంటుంది. మోచేతుల దాకా కడుక్కోవడం అయ్యేవరకు ఏడవనిస్తాను.