నాగకన్య పెట్టెలో కరెంటు

2019 వేసవి. నంద్యాల ఎగ్జిబిషన్‌లో వైరింగ్ పని నాది. మాది ఆళ్లగడ్డ. జాతరలకు, పెళ్లిళ్లకు లైట్లు కట్టి బతుకుతున్నాను. ఆ ఏడు జనం ఎగబడింది నాగకన్య డేరాకే. ఇనుప బల్ల మీద రబ్బరు పాము చుట్ట, దానిపైన ఆడమనిషి తల. మిగతా ఒళ్లంతా బల్ల కింద ఇనుప పెట్టెలో, అద్దాల మాటున ఉంటుంది. ఆమె పేరు చెన్నమ్మ, పాణ్యం మనిషి.

డేరా ఓనరు మాటలు కోటలు దాటేవి. “ఇది అమెరికా విద్యప్పా. నూటాయాభై ఏండ్ల పైమాటే, ఆడొకాయన కోతి తలకు చేప తోక కుట్టి, జలకన్య అని జనానికి చూపించినాడంట” అనేవాడు.

ఆ డేరాకు నేను ఈఎల్‌సీబీ పెట్టాను. కరెంటు దారి తప్పి మనిషిలోకి పారితే రెప్పపాటులో సరఫరా తెంచే స్విచ్చి అది. కాస్త తేమ తగిలినా అది పడిపోయి డేరా అంతా చీకటయ్యేది.

“ఆట మద్దెలో దీపాలు పోతే జనం లేసి పోతారు. తీసెయ్యప్పా” అన్నాడు ఓనరు. నా బుద్ధి గడ్డి తిని తీసేశాను.

నాలుగోరోజు సాయంత్రం ఆట. “మానవులారా, కాపాడండి” అని నాగకన్య ఏడవడం, జనం చప్పట్లు కొట్టడం రోజూ ఉండేదే. ఆరోజు ఇంకా గట్టిగా ఏడ్చింది. చప్పట్లూ ఇంకా గట్టిగా మోగాయి. బాగా చేస్తోందే అని నేనూ నవ్వాను.

“అన్నా, కాపాడన్నా” అంది మళ్లీ.

నాగకన్య ఎవరినీ అన్నా అనదు. పరుగెత్తి మెయిన్ దించాను. చీకట్లో జనం ఈలలు వేస్తున్నారు. పెట్టె తలుపు తీశాను. లైటు వైరు ఒరుసుకుపోయి పెట్టెకు తగిలింది. చెన్నమ్మ తొడ కమిలిపోయింది. ప్రాణం ఉంది.

ఆసుపత్రిలో అడిగాను. “ఎన్నిసార్లు పిలిస్తివమ్మా?”

“యాడ గుర్తుంటాదన్నా. చప్పట్లు ఇని, ఇంగ ఎవురూ రారులే అనుకుంటి.”

పక్కనే ఉన్న ఓనరు తల దించుకుని, “నేను గూడా ఆటే అనుకున్యానప్పా” అన్నాడు. ఆ అమెరికా కోతికీ చేపకూ ప్రాణం లేదు, మన పెట్టెలో ఉన్నది ప్రాణమున్న మనిషని నేనైనా తలచలేదు.

ఈఎల్‌సీబీ లేనిదే ఇప్పుడు ఏ డేరాకూ కరెంటు ఇవ్వను. ఇంకో పని కూడా చేస్తాను. మెయిన్ ఎత్తే ముందు, పెట్టెలో కూర్చునే మనిషిని అసలు పేరు అడిగి తెలుసుకుంటాను. “ఏమన్నా అయితే నీ పేరు నువ్వే అరువమ్మా” అని చెబుతాను. ఆటలో ఎవరూ పలకని మాట అదొక్కటే.