పాలసొర

కడుపులో ప్రశ్న పెట్టుకుని ఊరుకోవడం అబిగయీలుకి చేతకాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చిందంటే బేరం సంగతి తర్వాత, ముందు ఆరాలు. ఎవరింట్లో ఎవరికి నెలలు నిండాయో ఆశా వర్కరు కన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. తెలియకపోతే వ్యాపారం ఎలా సాగుతుంది మరి? ఆ తీరంలో కాన్పయిన ఇంటికల్లా పాలసొర వెళ్లాల్సిందే. దాన్ని ఉడికించి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేయించి పెడితే బాలింతకి పాలు పడతాయని అందరి నమ్మకం. మంచి సొరని ఏరి తేవడంలో అబిగయీలుది అందె వేసిన చెయ్యి.

ఈసారి కాన్పు సొంత ఇంట్లోనే. కూతురు భానుప్రియకి పాలు చాలడం లేదు, పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. అబిగయీలు రేవుకి పరుగెత్తి నిగనిగలాడే సొరని తెచ్చింది. కత్తిపీట ముందేసుకుని కూర్చుందో లేదో, బిడ్డని చూడడానికి నర్సు ఇర్ఫానా వచ్చింది.

"సొరా? బాలింతకి పెట్టబాక పెద్దమ్మా. పెద్ద చేపల్లో పాదరసం ఉంటాది."

"పాదరసమా? అది జ్వరం చూసే గొట్టంలో గదా ఉండేది! చేపలోకి ఎట్టా పోయింది?"

ఇర్ఫానా వాకిట్లోంచి కనిపించే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు చూపించింది. బొగ్గులో పాదరసం రవ్వంత ఉంటుందట. బొగ్గు మండినప్పుడు పొగతో పైకి పోయి, ఎక్కడెక్కడో నీళ్లలో పడుతుందట. నాచు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి చేరి, ఏళ్ల తరబడి బతికే సొర ఒంట్లో పేరుకుపోతుందట. తల్లి తింటే పాలతో కొంత బిడ్డకీ పోయి, మెదడుకీ నరాలకీ చేటు చేయవచ్చట, మాటలు రావడం కూడా ఆలస్యం కావచ్చట.

విని ఊరుకుంటే అబిగయీలు ఎందుకవుతుంది? సొరని చీల్చి, పేగులు తిరగేసి, కండని వెలుగులో పెట్టి వెతికింది. ఎక్కడా వెండి చుక్క మెరవలేదు.

"ఏదీ, కనపడదే?"

"కంటికి కనపడదు పెద్దమ్మా. కండలో కలిసిపోయుంటాది."

"ఉప్పేసి కడిగితే?"

"పోదు."

"బాగా ఉడకబెడితే?"

"అప్పుడూ పోదు."

"ఇంతకీ ఈ సొరలో ఎంతుందంటావు?"

"నాకు తెలీదు. ఇక్కడి చేపల్ని కొలిచినోళ్లని నేనైతే చూళ్లేదు. తెలీనప్పుడు పసిబిడ్డ మీద పందెం ఎందుకు? నెత్తళ్ల లాంటి చిన్న చేపలు పెట్టు. బిడ్డని మాటిమాటికీ రొమ్ముకి పట్టిస్తే పాలు అవే పడతాయి."

అబిగయీలుకి ఒళ్లు మండింది. ఊరంత ఫ్యాక్టరీ కట్టినవాళ్లకి ఒక చేపని కొలిచే తీరిక లేదా! అయినా ఆ పూట కూతురికి నెత్తళ్ల పులుసే పెట్టింది.

ఇక సొర మిగిలింది. అవతలి వీధిలో ముంతాజ్ బేగం కోడలు జబీనాకి ఈమధ్యే రెండో కాన్పయింది. వాళ్లూ సొర కోసమే ఎదురుచూస్తున్నారు. ముక్కలు గంపలో వేసుకోబోయి అబిగయీలు ఆగిపోయింది. కాసేపు గింజుకుని, గొయ్యి తీసి సొరని పూడ్చేసి, నెత్తళ్లతో వెళ్లింది.

"సొర తెస్తానన్నావే?" అంది ముంతాజ్ బేగం.

"తెచ్చినానమ్మా. మా భానుప్రియకే పెట్టబుద్ధి కాలేదు. మీకెట్టా ఇచ్చేది?" అంటూ నర్సు మాటలన్నీ చెప్పింది. ఆవిడ కోప్పడుతుందనుకుంది. ఆవిడ మాత్రం అరుగు మీద గవ్వలు పేర్చుకుంటున్న పెద్ద మనవరాలి వైపు తిరిగింది.

"మరి ఇది పుట్టినప్పుడు తెచ్చిపెట్టినావే, అబిగయీలూ?"

అబిగయీలు గంప దించి, ఆ పిల్ల ఎదురుగా చతికిలబడింది. "ఏం ఆడుకుంటా ఉండావు బంగారూ? నాక్కూడా చెప్పవా?" అని అడిగి, పిల్ల నోరు తెరిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది.