అమావాస్య నాటి క్లాసు

మా సార్ పోయారని ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. సార్ వాళ్ళ ఆవిడే చేశారు. "పొద్దున కాఫీ తాగి, పేపర్ చదువుతా అట్లనే పోయినారమ్మా" అని చెప్పి, కాసేపు ఆగి, "వచ్చే అమావాస్య ఏ దినమని నిన్ననే నన్ను అడిగినారు" అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. బతికినన్నాళ్ళూ గుడి మెట్టెక్కని మనిషి, సంచిలో పంచాంగం పెట్టుకుని తిరిగారు. ఎందుకో చెప్తాను, వినండి.

సార్ ఆదోనిలో మా డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఆయన దగ్గర నేను చదివింది ఒక్క ఏడాదే. మొదటి సంవత్సరం పరీక్షలు రాయగానే పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చేశాను. మార్కుల మెమో ట్రంకు పెట్టెలో చీరల అడుక్కు పోయింది. మగ్గం, పిల్లలు, అత్త, వీటితో ఇరవై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి.

ఈలోగా సార్‌కు ఒక పట్టుదల పట్టుకుంది. మూడేళ్ళు కాలేజీలో కూర్చున్నవాళ్ళకే డిగ్రీ అనడం అన్యాయం. చదువును చిన్న చిన్న కోర్సులుగా విడగొట్టి, పని చేసుకునేవాళ్ళకు వీలైనప్పుడు చెప్పి, అవన్నీ కూడి చివరికి ఒక డిగ్రీ అయ్యేట్టు చూడాలి, ఇదీ ఆయన వాదన. పాపం ముసలాయనకు చాదస్తం ఎక్కువైందన్నారు తోటి లెక్చరర్లు. అయినా యూనివర్సిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ప్రయోగంగా చేసి చూడండని అనుమతి తెచ్చుకున్నారు. నేతవాళ్ళ కోసం రంగులు కలపడం, కంప్యూటర్‌లో డిజైన్ గీయడం, సరుకు మనమే అమ్ముకోవడం, ఇట్లాంటి కోర్సులు. ఎమ్మిగనూరులో ఒక పాత బడి గది అడిగి తీసుకున్నారు. లోకానికంతా సెలవు కదా అని ఆదివారం క్లాసు పెట్టారు.

ఒక్క పిట్ట కూడా రాలేదు. మూడు ఆదివారాలు సార్ ఆదోని నుంచి బస్సులో వచ్చి, బోర్డు తుడిచి, ఖాళీ బెంచీలను చూసి వెళ్ళిపోయారట. నాలుగో ఆదివారం ఆయనకు కోపమొచ్చి మా వీధిలోకే వచ్చేశారు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. మా గడప ముందు నిలబడి, "ఏమమ్మా, ఆదివారం గూడా నేస్తాండారా? మీకు సెలవే లేదా?" అని గట్టిగా అడిగారు.

మా అత్త గుంత మగ్గంలోంచి తల కూడా ఎత్తలేదు. "ఆదివారం మీకు సారూ. మాకు అమావాస్య. ఆ పొద్దు మగ్గం ముట్టం. తక్కిన దినాలన్నీ మాకు ఒకటే" అంది.

సార్ అరుగు మీద కూలబడ్డారు. "ముప్పై ఏండ్లు పాఠం చెప్పినా. పక్కూర్లో ఏ దినం సెలవో తెల్సుకోలేకపోతి. నేనేం సారప్పా!" అని తన నెత్తి తానే కొట్టుకున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. చెంబు అందుకోబోతూ నా మొహం కేసి చూసి, "నువ్వు మూడో బెంచీ కదా? గోడ పక్కన కూసుంటాంటివి" అన్నారు. ఇరవై ఏళ్ళు! మా ఆయనకు నా పుట్టినరోజే గుర్తుండదు.

అమావాస్య నాడు కోర్సు మొదలుపెడతానంటే ప్రిన్సిపాల్ అదిరిపడ్డారట. "జనం నవ్వుతారప్పా, అమావాస్య పొద్దు ఎవడన్నా కొత్త పని మొదలుపెడతాడా?" అంటే, "నవ్వుకోనీ సార్, క్లాసుకు వస్తే సాలు" అన్నారట ఈయన. యూనివర్సిటీ వాళ్ళ కంప్యూటర్ అంతకంటే మొండిది. క్లాసు జరిగే వారం అని అడుగుతుంది, సోమవారం మొదలు ఆదివారం దాకా ఏడే చూపిస్తుంది, అమావాస్య అంటే ఒప్పుకోదు. సార్ ఏడాదికి సరిపడా తేదీలు పంచాంగం చూసి తీసి, ఒక్కోదానికి ఒక్కో ఉత్తరం రాసేవారు. మొదటి అమావాస్యకు పంతొమ్మిది మంది వచ్చారు. రెండో అమావాస్యకు బెంచీలు చాలక గడపలో కూర్చున్నారు.

మూడు అమావాస్యలకు ఒక కోర్సు. మధ్యలో రోజులు ఇంట్లో పని చేస్తూనే నేర్చుకునేది. క్లాసులో ముందుగా నోటు పుస్తకం పైన "ఈ పొద్దు నాకు తెలియనిది" అని రాయించి, కింద ఒక లైను నింపమనేవారు. తనూ రాసేవారు. ఒకరోజు తొంగి చూస్తే, "అచ్చు అతకడం" అని ఉంది.

పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవచ్చినప్పుడు మేము మగ్గం మీద దారాలన్నీ పీకేయం. నేసిన గుడ్డ వరకు కోసి, పాత దారాల కొసలు దువ్వెన లాంటి అచ్చులోనే ఉంచుతాం. దారం జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పడుగులో ఒక్కో దారాన్నీ పాత కొసకు మెలిపెట్టి అతుకుతాం. అదీ అచ్చు అతకడమంటే. సార్ దాన్ని చూసింది మా ఇంట్లోనే.

నా డిగ్రీ సంగతి తేలింది ఆ అతుకుతోనే. నాలుగేళ్ళలో చిన్న కోర్సులన్నీ పూర్తి చేశాను. వాటిని నా పాత మొదటి సంవత్సరంతో కలిపితే డిగ్రీకి ఇంకో నాలుగు పేపర్లే మిగులుతాయి. కలుపుతారా లేదా అన్నదే ప్రశ్న. కలపకపోతే నేను మళ్ళీ మొదటి నుంచి చదవాలి, నావల్ల అయ్యే పని కాదు. సార్ నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీకి పోయారు. అక్కడ ఒక పెద్దాయన నా మెమోను వేలి కొసతో పక్కకు జరిపి, "పాతికేళ్ళ కిందటిది ఇప్పుడెట్లా చెల్లుతుంది? అట్లాంటి రూలు లేదు" అన్నారు.

"చెల్లదనే రూలు గూడా లేదు కదా సార్" అన్నారు మా సార్. "నేతవాళ్ళు పడుగు అయిపోయిందని అచ్చు ఖాళీ చెయ్యరు. పాత కొసకే కొత్త దారం అతుకుతారు. ఈ పిల్ల చదువు కొస ఇంకా అచ్చులోనే ఉంది. మీరు అతికితే సాలు."

నలభై దాటిన నన్ను పిల్ల అన్నందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు నెలలకు కలుపుతామని ఉత్తరం వచ్చింది. నాలుగు పేపర్లూ రాశాను, పాసయ్యాను. గొప్పలు పోతోంది అనుకుంటే అనుకోండి, మా వీధిలో మగ్గం మీద కూర్చుంటూ డిగ్రీ చేసిన మొదటి ఆడమనిషిని నేను. రంగుల కోర్సు ఇప్పుడు నేనే చెప్తున్నాను.

సార్ అనుకున్నవన్నీ కాలేదు. ఏడాది పొడుగునా కాలేజీలో ఉండేవాళ్ళకిచ్చే ఫీజు సాయం ఈ చిన్న కోర్సులకు వర్తించదన్నారు. ఆ సాయాన్ని ఒక మనిషి బతుకంతా, ఎప్పుడు చదివితే అప్పుడు కొంచెం కొంచెంగా వాడుకోనివ్వమని సార్ ఎన్ని అర్జీలు పెట్టారో. "సదువేమన్నా పెండ్లి భోజనమా, ఒకే పంక్తిలో కూసోని తిని లేసేదానికి?" అనేవారు. దానికి ఇప్పటికీ జవాబు రాలేదు. ఆ అర్జీల నకళ్ళన్నీ నా దగ్గరున్నాయి, నేను ఊరుకోను.

ఆయన తన చదువూ మానలేదు. అమావాస్య నాడు మాకు చెప్పి, పాడ్యమి పొద్దున్నే మళ్ళీ బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. "నిన్న నా వంతు, ఈ పొద్దు మీ వంతు" అని ప్యాంటు మార్చి లుంగీ కట్టుకుని, మామ పోయాక ఖాళీగా ఉన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. నేసేది మామూలు తువ్వాలు. నేర్పేది మా అత్త. ఆమెకు అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. "అంచు సూడు సారూ, పాము పోయినట్ల పోతాంది! ఇప్పు, మళ్ళా నెయ్యి" అనేది. సార్ బుద్ధిగా విప్పేవారు. ఒకసారి ఆయనే ఒక సర్టిఫికెట్ రాసుకొచ్చారు. "పై వ్యక్తి తువ్వాలు నేయడంలో ఉత్తీర్ణుడైనాడు" అని, కింద వేలిముద్రకు చోటు. "నా కోర్సు అయిపోయిన దినం ముద్ర ఎయ్యాల టీచరమ్మా" అన్నారు. అత్త దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించి, గోడ మేకుకు తగిలించింది. రెండేళ్ళు అడిగారు. రెండేళ్ళూ ఫెయిలే.

సార్ పోయాక వచ్చిన అమావాస్యకు క్లాసు ఆపలేదు. బోర్డు నేనే తుడిచాను. అందరూ నోటు పుస్తకం పైన లైను రాశారు.

మర్నాడు పాడ్యమి. అత్త పొద్దున్నే మామ మగ్గం దగ్గర కూర్చుంది. సార్ పడుగు అప్పటికే అయిపోవచ్చింది. ఆయన నేసిన ఆఖరి తువ్వాలును కోసి వెలుతురులో పరిచి, అంచు వెంబడి వేలు పోనిచ్చింది. మొదట్లో వంకర, నడుమ కొంచెం వంకర, చివరి జానెడు తిన్నగా ఉంది. అక్కడ వేలు ఆగింది. వేళ్ళకు బూడిద అద్దుకుని, సార్ వదిలిన కొసలకు కొత్త పడుగు అతకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి దారాలన్నీ అతికి లేచింది.

"ఆ కాగితం తీయే" అంది.

మేకు నుంచి తీసి ఇచ్చాను. ఇంకు డబ్బా కోసం నేను వెతుకుతుంటే, "ఇంకెందుకు?" అని, బూడిద వేలినే కాగితం మీద పెట్టి గట్టిగా నొక్కింది. "చివరి జానెడు నేను నేసినట్టే ఉంది. పాసైనాడు మీ సారు" అంది.

కాగితం మీద లేత బూడిద రంగులో ముద్ర పడింది, గీతలన్నీ కనబడుతున్నాయి. అత్త నా వైపు తిరిగి, "ముందు ఆ ఫ్యాను ఆపు, ఎగిరిపోతాది" అంది.